వాహనాల మధ్య సైకిల్: రోడ్డు మీద క్షేమంగా సాగడానికి

సైకిల్ మీద రోడ్డెక్కే వారికి ఇంట్లో పెద్దలు చెప్పే మొదటి జాగ్రత్త ‘అంచున పో’ అన్నదే. ప్రేమతో చెప్పే ఆ మాటను అక్షరాలా పాటిస్తే మాత్రం మన రోడ్ల మీద ప్రమాదం తగ్గకపోగా పెరుగుతుంది. అంచున ఇసుక ఉంటుంది, గాజు పెంకులు ఉంటాయి, మూత సరిగా కూర్చోని మ్యాన్‌హోల్ ఉంటుంది, తారు ఒక్కసారిగా తెగి మట్టిలోకి దిగిపోతుంది, ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకుంటుంది, రాంగ్ రూట్‌లో మోటార్‌సైకిల్ ఎదురొస్తుంది. వీటిలో ఏది అడ్డం వచ్చినా సైకిల్‌ను చటుక్కున కుడికి తిప్పక తప్పదు. సరిగ్గా ఆ క్షణంలో వెనక వస్తున్న కారు డ్రైవరుకు, మీరు తన దారిలోకి వస్తారన్న ఊహే ఉండదు.

సైకిల్‌ను గుద్దాలని ఏ డ్రైవరూ బండి తీయడు. అతను మిమ్మల్ని చూడకపోవడం వల్లనో, చూసినా మీరు మరుక్షణం ఎటు కదులుతారో తెలియకపోవడం వల్లనో ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. అందుకే దూరం నుంచే కనబడటం, మీ తర్వాతి కదలిక ముందుగానే అతనికి తెలిసేలా తొక్కడం అన్న రెండు పనుల చుట్టూ ఇక్కడి సూచనలన్నీ తిరుగుతాయి. హైదరాబాద్ వంటి నగరపు రద్దీని, ఆంధ్ర, తెలంగాణ జిల్లాల రోడ్లను, జాతీయ రహదారులను దృష్టిలో పెట్టుకుని ఇవి రాస్తున్నాను.

రోడ్డులో మీ చోటు

మామూలు వీధిలోనైనా, రెండు వరుసల రోడ్డు మీదనైనా ఎడమ అంచు నుంచి సుమారు ఒక మీటరు లోపలికి సైకిల్‌ను నడపండి. ఎడమ చెయ్యి పూర్తిగా చాచినా వేళ్ల కొసలకు అవతల ఇంకా కొంత తారు మిగిలి ఉండాలి. అంతటి చోటు ఉంటే గుంత కనబడినప్పుడు ఎడమకు తప్పుకునే వీలు ఉంటుంది. వాహనాలున్న కుడి వైపుకు తిరగాల్సిన అవసరం రాదు. పైగా వెనక వచ్చే డ్రైవరు చూపు రోడ్డు మధ్యభాగం మీద ఉంటుంది కాబట్టి, అంచున చెట్ల నీడలోనో పార్కింగ్ వరుసలోనో కలిసిపోయిన మనిషి కన్నా, ఒక మీటరు లోపల ఉన్న మనిషి అతనికి చాలా ముందుగా కనబడతాడు.

ఇరుకైన వంతెన, మరమ్మతుల కోసం సగం మూసిన రోడ్డు, రెండు వైపులా బళ్లు నిలిపిన బజారు వంటి చోట్ల ఒక కారూ ఒక సైకిలూ పక్కపక్కన పట్టవు. అక్కడ మీరు అంచుకు జరిగితే, దూరిపోవచ్చని వెనక ఉన్న వాహనాన్ని పిలిచినట్టవుతుంది. ఇరుకు మొదలు కాకముందే వెనక్కి చూసి, చెయ్యి చూపించి, ఆ వరుస మధ్యకు వచ్చి, దాటేవరకూ అక్కడే తొక్కండి. హారన్ మోగుతుంది, మోగనివ్వండి. హారన్ కొడుతున్నాడంటే మిమ్మల్ని చూశాడని అర్థం. ఇరుకు దాటిన వెంటనే ఎడమకు జరిగి, చేత్తో ‘వెళ్లండి’ అని సూచిస్తే ఆ డ్రైవరు మనసులోని చిరాకు కూడా చాలావరకు తగ్గుతుంది.

ఎక్కడ తొక్కినా సూటిగా తొక్కడం అన్నిటికన్నా ముఖ్యం. నిలిపి ఉన్న రెండు కార్ల మధ్య ఖాళీ కనబడగానే ఎడమకు దూరడం, మళ్లీ కారు రాగానే బయటికి రావడం చాలామందికి అలవాటు. బయటికి వచ్చిన ప్రతిసారీ వెనకవారికి మీరు కొత్తగా ప్రత్యక్షమవుతారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికే ఒకటి, ఒకటిన్నర సెకన్లు పడుతుంది. అంటే బ్రేకు పని మొదలుపెట్టేలోపే కారు దాదాపు 25 మీటర్లు దాటేస్తుంది. కాబట్టి కార్ల వరుస వెంట ఒకే గీత మీద సాగండి.

ఆ గీత కార్ల తలుపులకు అందనంత దూరంలో ఉండాలి. కారు తలుపు పూర్తిగా తెరుచుకుంటే దాదాపు మీటరు దూరం బయటికి వస్తుంది. ఆగి ఉన్న కారు వెనక అద్దంలోంచి లోపల ఎవరి తలైనా కనబడుతోందా, బ్రేకు లైటు ఇప్పుడే ఆరిందా, చక్రాలు రోడ్డు వైపు తిరిగి ఉన్నాయా అని గమనిస్తూ వెళ్లండి. క్యాబ్‌లు రోడ్డు మధ్యలోనే ఆగి ప్రయాణికులను ఎడమ వైపు దించుతుంటాయి కనుక, ఆగిన క్యాబ్‌కూ ఫుట్‌పాత్‌కూ మధ్యనున్న సందులోంచి ఎన్నడూ వెళ్లవద్దు. కారులో కూర్చునేవారికి కూడా ఒక మంచి అలవాటు ఉంది: తలుపును దానికి దగ్గరగా ఉన్న చేత్తో కాకుండా అవతలి చేత్తో తెరిస్తే ఒళ్లు దానంతటదే తిరిగి, వెనక ఎవరు వస్తున్నారో కంటపడుతుంది. నెదర్లాండ్స్‌లో ప్రాచుర్యం పొందిన ఈ పద్ధతిని మన ఇళ్లలో పిల్లలకు నేర్పడానికి పైసా ఖర్చు కాదు.

వెనక్కి చూడటం ఒక విద్య

సైకిల్ తొక్కడం వచ్చిన వారందరికీ వెనక్కి చూడటం రాదు. తల కుడికి తిప్పగానే భుజం, దాంతో హ్యాండిల్ కూడా కుడికి లాగి, సైకిల్ అడుగు, అడుగున్నర దూరం వాహనాల వైపు జరుగుతుంది. ఈ ఒక్క లోపాన్ని సరిచేసుకోవడానికి ఖాళీ మైదానంలో కొన్ని సాయంత్రాలు కేటాయించడం మంచిది. నేల మీద సుద్దతో పొడవైన గీత గీసి, దాని మీదుగా తొక్కుతూ, వెనక నిలబడిన మిత్రుడు ఎన్ని వేళ్లు చూపిస్తున్నాడో తిరిగి చూసి చెప్పాలి. గీత తప్పకుండా వేళ్లు లెక్కపెట్టగలిగితే రోడ్డెక్కడానికి మీరు సిద్ధంగా ఉన్నట్టే. గడ్డాన్ని భుజానికి తాకించేలా తల తిప్పి, కుడి చేతి పట్టును కాస్త వదులు చేస్తే హ్యాండిల్ కదలదు.

హ్యాండిల్ చివర బిగించుకునే చిన్న అద్దం బాగా ఉపయోగపడుతుంది. అయితే అది చూపించేది సగమే కాబట్టి, పక్కకు జరిగే ముందు తల తిప్పి చూడాల్సిందే. తల తిప్పడం వల్ల ఇంకో ప్రయోజనం కూడా ఉంది. ముందున్న సైకిల్ మనిషి తన వైపు చూశాడంటే, అతను ఏదో చేయబోతున్నాడని వెనక డ్రైవరు వెంటనే గ్రహిస్తాడు. చాలాసార్లు చెయ్యి చూపించకముందే అతని వేగం తగ్గుతుంది. ముందు చూడండి, తర్వాత చెయ్యి పూర్తిగా చాచి రెండు మూడు సెకన్లు ఉంచండి, మళ్లీ ఒకసారి చూడండి, దారి ఇచ్చారని నిర్ధారించుకున్నాకే జరగండి.

చెవులు రెండో జత కళ్ల వంటివి కనుక ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే వదిలేయాలి. అలాగని చెవుల మీదే ఆధారపడే రోజులు కూడా పోయాయి. ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఎలక్ట్రిక్ ఆటోలు, ఆర్టీసీ వారి ఎలక్ట్రిక్ బస్సులు నగరాల్లో చప్పుడు లేకుండా పక్కకు వచ్చేస్తున్నాయి. శబ్దం వినబడలేదంటే వెనక ఎవరూ లేరనుకోవడానికి వీల్లేదు.

లారీ పక్కన, బస్సు పక్కన

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకునే వీలుంటే ఇది గుర్తుంచుకోండి: లారీకీ, టిప్పర్‌కీ, బస్సుకీ ఎడమ పక్క సందులోకి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లకూడదు. మన వాహనాల్లో డ్రైవరు కుడి వైపు, ఎత్తులో కూర్చుంటాడు. అతనికీ ఎడమ వైపు తలుపు కింది భాగానికీ మధ్య ఇంజను, సీటు, డ్యాష్‌బోర్డు అన్నీ అడ్డం ఉంటాయి. ఎడమ అద్దంలో దూరంగా వెనక వచ్చే బండి కనబడుతుంది కానీ, సరిగ్గా క్యాబిన్ పక్కన, చక్రం దగ్గర ఉన్న సైకిల్ కనబడదు. బానెట్ లేని లారీలకు ముందు అద్దం కింద, రెండు మీటర్ల లోపు కూడా ఇలాంటి చీకటి చోటే. సిగ్నల్ దగ్గర లారీకి ముందు ఆనుకుని నిలబడిన సైకిల్‌ను చూడకుండానే పచ్చలైటు పడగానే బండి కదిలించే అవకాశం ఉందని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

దీనికి తోడు పొడవైన వాహనం మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాలు వెళ్లిన దారిలో రావు. లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. ఎడమకు తిరగాల్సిన లారీ, చోటు సరిపోక ముందుగా కొంచెం కుడికి జరుగుతుంది. అప్పుడు ఎడమ పక్క విశాలంగా ఖాళీ ఏర్పడి, లోపలికి రమ్మన్నట్టు కనబడుతుంది. అందులోకి సైకిల్ వెళ్లిన మరుక్షణమే లారీ ఎడమకు మళ్లుతుంది. ముందు భాగం మిమ్మల్ని దాటిపోతుంది, వెనక చక్రం ఫుట్‌పాత్ అంచు దాకా వస్తుంది, తప్పుకోవడానికి చోటుండదు. మంచి డ్రైవర్లు, అనుభవం ఉన్న సైకిలిస్టులు కూడా ఈ విధంగానే చిక్కుకుంటారు.

ఆచరణలో చేయాల్సింది కష్టమేమీ కాదు. సిగ్నల్ దగ్గర లారీయో బస్సో ఆగి ఉంటే దాని వెనకే, వరుస మధ్యలో, అద్దంలో డ్రైవరు ముఖం కనబడేంత దూరంలో ఆగండి. అద్దంలో అతని ముఖం మీకు కనబడకపోతే అతనికీ మీరు కనబడటం లేదు. మీరు ముందే ఆగి ఉండగా లారీ వచ్చి పక్కన నిలిస్తే, వీలైతే నాలుగైదు మీటర్లు ముందుకు వెళ్లి అతని చూపుకు అందే చోట నిలబడండి, లేదా సైకిల్ దిగి ఫుట్‌పాత్ ఎక్కండి. కాస్త ఆలస్యమైతే అయింది.

సిటీ బస్సుల దగ్గర ఇంకొక ప్రమాదం ఉంది. స్టాపు దగ్గర పడుతుండగానే, బస్సు పూర్తిగా ఆగకముందే మనవాళ్లు ఫుట్‌బోర్డు మీంచి ఎడమకు దిగుతారు. ఎడమ సందులో ఉన్న సైకిల్ నేరుగా వారి మీదికి వెళ్తుంది. కుడి వైపు నుంచి దాటాలంటే బస్సు కదలడానికి ఇంకా సమయం ఉందని తెలియాలి. జనం ఇంకా ఎక్కుతున్నారా, ముందు చక్రం కుడికి తిరుగుతోందా అన్నది చూస్తే తెలుస్తుంది. సందేహం ఉంటే వెనకే ఆగండి.

ఆటోలది మరో తీరు. ఆటో ఎప్పుడు ఆగుతుందో ఆటోను చూస్తే తెలియదు, రోడ్డు అంచును చూస్తే తెలుస్తుంది. యాభై అడుగుల ముందు ఎవరైనా చెయ్యెత్తి నిలబడి ఉంటే, మీ కుడి పక్కనున్న ఖాళీ ఆటో ఇండికేటర్ వేయకుండానే మీ ముందుకు కోసుకుని వస్తుందని లెక్క వేసుకుని పెడల్ ఆపేయండి. షేర్ ఆటోలో కూర్చున్న ప్రయాణికుడు ముందుకు వంగి డ్రైవరుతో మాట్లాడుతున్నా అదే సూచన.

కూడళ్లు, యూటర్న్‌లు, ఫ్లైఓవర్లు

రద్దీ కూడలిలో కుడి వైపు తిరగడమే సైకిలిస్టుకు అన్నిటికన్నా కష్టమైన పని. నాలుగు వరుసలు దాటి డివైడర్ పక్కకు చేరడం కన్నా, రెండు దశల్లో తిరగడం ఎంతో మేలు. పచ్చలైటు ఉండగా ఎడమ వైపునే నేరుగా కూడలి దాటి, అవతలి మూలలో ఆగి, సైకిల్‌ను మీరు వెళ్లాల్సిన దిక్కుకు తిప్పుకుని, ఆ వైపు వారికి పచ్చలైటు పడినప్పుడు వారితో కలిసి వెళ్లండి. అదీ కుదరనంత రద్దీ అయితే దిగి జీబ్రా గీతల మీద నడిపించుకుంటూ వెళ్లండి. హైదరాబాద్‌లో చాలా కూడళ్లను మూసి, కొంత దూరం తర్వాత యూటర్న్‌లు పెట్టారు. అవి కార్ల వేగాన్ని ఆపకుండా ఉంచడానికి పెట్టినవి. సైకిల్ అక్కడికి చేరాలంటే వేగంగా వెళ్లే వాహనాలున్న కుడి చివరి వరుసకు వెళ్లాలి. అటువంటి చోట నడిచి దాటడమే సరైన పద్ధతి.

మీరు నేరుగా వెళ్తుండగా, మిమ్మల్ని దాటిన కారు వెంటనే ఎడమ సందులోకి తిరగడం వల్ల కూడా చాలా దెబ్బలు తగులుతాయి. సందు వస్తున్నప్పుడు ఎడమకు ఒదగకుండా మీ వరుసలో కాస్త మధ్యకు వస్తే, మిమ్మల్ని దాటి అడ్డంగా తిరిగే బదులు మీ వెనక ఆగి తిరుగుతారు. సందులోంచి బయటికి వచ్చే వాహనం విషయంలో డ్రైవరు కళ్ల కన్నా ముందు చక్రాన్ని నమ్మండి. అతను మీ వైపే చూస్తున్నట్టు ఉన్నా మీ వెనక వచ్చే బస్సును చూస్తూ ఉండవచ్చు. చక్రం మాత్రం కదిలిందో లేదో చెప్పేస్తుంది.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మీ వేగం తగ్గుతుంది, వాహనాల వేగం పెరుగుతుంది. కింద రోడ్డు ఉంటే అదే ఎంచుకోండి. ఎక్కక తప్పకపోతే దిగే చోట జాగ్రత్త, ఎందుకంటే కింది రోడ్డు ఎడమ వైపు నుంచి వచ్చి కలుస్తుంది. ఎడమన ఉన్న మీరు ఒక్కసారిగా రెండు ప్రవాహాల మధ్య పడతారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్లే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలకే అనుమతి లేదు. సైకిల్‌తో వాటి మీదికి వెళ్లే ఆలోచనే వద్దు. ఔటర్ పక్కన సర్వీస్ రోడ్డు ఉంది, నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతాల్లో 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది. కొత్తగా తొక్కడం మొదలుపెట్టినవారు సూటిగా నడపడం, వెనక్కి చూడటం అక్కడ సాధన చేసి, తర్వాత వాహనాల మధ్యకు రావడం ఉత్తమం. ట్రాక్‌కు చేరే దారి, ట్రాక్ రోడ్డును దాటే చోట్లు మాత్రం మామూలు రోడ్డే అని మరవవద్దు.

రాంగ్ రూట్‌లో అంచు పట్టుకుని ఎదురొచ్చే మోటార్‌సైకిల్ ప్రతి సైకిలిస్టుకూ నిత్యం ఎదురయ్యేదే. అతన్ని తప్పించడానికి కుడికి తిరిగితే వెనక వాహనాల ముందు పడతారు. బెల్లు కొట్టి, వేగం తగ్గించి, మీ గీత మీదే ఉండండి, అవసరమైతే ఆగిపోండి. తప్పు ఎవరిదో అక్కడ తేల్చుకోబోతే ఇద్దరికీ దెబ్బలు తగులుతాయి. మీరు మాత్రం ఎంత దూరం కలిసి వచ్చినా రాంగ్ రూట్‌లో తొక్కకూడదు, ఎర్రలైటు దాటకూడదు. సైకిల్‌కు లైసెన్సు అక్కర్లేదు కానీ సిగ్నల్ అందరికీ ఒకటే.

కనబడటం

ముదురు పసుపు, నారింజ రంగు ఫ్లోరోసెంట్ బట్టలు పగలు బాగా కనబడతాయి, ఎందుకంటే అవి ఎండలోని అతినీలలోహిత కిరణాలను గ్రహించి వెలుగుగా మార్చి పంపుతాయి. రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో ఆ గుణం పనిచేయదు. చీకటి పడ్డాక కావాల్సింది, పడిన వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపే రిఫ్లెక్టివ్ పట్టీ. దాన్ని వీపు మీద వేసుకోవడం మంచిదే, కానీ చీలమండలకు కట్టుకోవడం ఇంకా మంచిది. పెడల్‌తో పాటు పైకీ కిందికీ కదిలే రెండు వెలుగు చుక్కలను చూడగానే అది మనిషి అని, సైకిల్ తొక్కుతున్నాడని డ్రైవరుకు దూరం నుంచే తెలిసిపోతుంది. కదలని ఎర్రచుక్క స్తంభమో ఆగిన బండో కావచ్చు.

వెనక ఎర్రలైటును పగలు కూడా వెలిగించండి. పగలు అది మిణుకుమంటే కంటిని పట్టి లాగుతుంది. రాత్రి మాత్రం ఒక లైటైనా నిలకడగా వెలగాలి, ఎందుకంటే మిణుకుమనే లైటు ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం కష్టం. ముందు తెల్లలైటును రోడ్డు మీదికి వంచి పెట్టండి. ఎదుటివారి కళ్లలో పడేలా పెడితే మీకు దారి ఇచ్చే శక్తి కూడా వారికి ఉండదు. బీఆర్ఎం అని పిలిచే దూర ప్రయాణాల్లో, అంటే 200 కిలోమీటర్లైతే పదమూడున్నర గంటల్లో, ఇలా నిర్ణీత సమయంలో పూర్తి చేసే పోటీ లేని ప్రయాణాల్లో, రాత్రి తొక్కడానికి ముందూ వెనకా లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ తప్పనిసరి. వాచ్‌మన్ ఉద్యోగానికో, పాల క్యాన్లతోనో, రాత్రి షిఫ్టుకో పాత సైకిల్ మీద వెళ్లే మనుషులకు ఆ నియమాలు చెప్పేవారు లేరు. వారి మడ్‌గార్డుకు ఒక ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు ముక్క అంటించి, ఒక చిన్న లైటు కొనిచ్చే పని మనలో ఎవరైనా చేయవచ్చు, చేయాలి.

ఉదయం, సాయంత్రం నీరెండ సమయంలో మీ నీడను చూసుకోండి. నీడ ఎటు సాగుతోందో, అటు నుంచి మీ వైపు వచ్చే డ్రైవరు కళ్లలో సూర్యుడు ఉన్నట్టు. తెల్లవారి హైదరాబాద్ నుంచి విజయవాడ దిక్కుగా తొక్కితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, నీడ వెనక్కి పడుతుంది. వెనక వచ్చే లారీ డ్రైవరుకు మీరు కనబడకపోవచ్చు. అటువంటి అరగంట టీ కొట్టు దగ్గర గడపడం మేలు. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు హైవే ఖాళీగా ఉందని బయల్దేరడం కూడా మంచిది కాదు. రాత్రంతా నడిపి వస్తున్న ప్రైవేటు బస్సులు, లారీల డ్రైవర్లకు నిద్ర ముంచుకొచ్చే వేళ అదే. వెలుగు వచ్చాక బయల్దేరండి.

హైవేలు, ఊరి రోడ్లు, వాన

నాలుగు వరుసల జాతీయ రహదారి మీద తెల్లగీతకు ఎడమన తారు వేసిన షోల్డర్ చాలాచోట్ల ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. మీ చోటు అదే. అక్కడే లారీలు కూడా ఆగుతాయి. ఆగిన లారీ కనబడితే దాని దాకా వెళ్లి తిరగకుండా, యాభై మీటర్ల ముందు నుంచే వెనక్కి చూసి, చెయ్యి చూపించి, మెల్లగా బయటికి వచ్చి, దాటి, మెల్లగా లోపలికి వెళ్లండి. పెద్ద లారీ పక్క నుంచి వేగంగా దాటినప్పుడు మొదట గాలి మిమ్మల్ని రోడ్డు అంచు వైపు తోస్తుంది, వెంటనే లారీ వైపు లాగుతుంది. హ్యాండిల్‌ను గట్టిగా బిగించకుండా, మోచేతులు కొంచెం వంచి స్థిరంగా పట్టుకుంటే సైకిల్ ఊగదు.

జర్మనీలో 2020 నుంచి సైకిల్‌ను దాటే వాహనం ఊళ్లో ఒకటిన్నర మీటరు, ఊరి బయట రెండు మీటర్ల ఎడం ఉంచాలని చట్టం చెబుతోంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కనీసం మూడు అడుగులు ఉంచాలి. అక్కడ స్థిరపడిన మనవాళ్లు సైకిల్ కొన్నప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, వాహనాలు కుడి వైపు నడుస్తాయి కనుక అద్దం ఎడమన ఉండాలి, వెనక్కి ఎడమ భుజం మీదుగా చూడాలి, లారీ కుడి సందు ప్రమాదకరమైనది. వేసవిలో అక్కడి రోడ్ల మీద కనబడే రోలర్ స్కీ వారికి, అంటే మంచు మీద జారే స్కీల వంటి పొడవైన పట్టీలకు చక్రాలు బిగించి కాళ్లకు తగిలించుకుని సాధన చేసేవారికి, సైకిల్ కన్నా ఎక్కువ వెడల్పు కావాలి, చాలా స్కీలకు బ్రేకు ఉండదు. కాబట్టి వారు పల్లం తక్కువగా, చూపు దూరం ఎక్కువగా ఉన్న రోడ్లనే ఎంచుకుంటారు. మన పిల్లలు చక్రాల స్కేట్లతో సాధన చేసేటప్పుడు కూడా అదే లెక్క వర్తిస్తుంది. విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులా ఉదయం వేళ వాహనాలను ఆపే చోటే వారికి తగినది.

ఊరి రోడ్ల మీద వాహనాలు తక్కువే అయినా ఊహించనివి ఎక్కువ. కోతల కాలంలో రోడ్డు సగం మేర వడ్లో మొక్కజొన్నలో ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. మిగిలిన సగంలోనే రెండు దిక్కుల బళ్లూ వెళ్తాయి. చీకటిలో ఆ రాళ్లు కనబడవు. ట్రాక్టర్ ట్రక్కుకు వెనక లైటు లేకపోవడం, దాటబోతుంటే చెప్పకుండా పొలం దారికి కుడివైపు తిరగడం మామూలే. డ్రైవరు పాటల చప్పుడులో బెల్లు వినడు. ట్రాక్టర్‌ను దాటేముందు ఎదురుగా పొలం దారి ఉందేమో చూడండి. కుక్క వెంటబడితే భయపడి రోడ్డు మధ్యకు దూసుకుపోవడమే అసలు ప్రమాదం. సైకిల్ దిగి, దాన్ని మీకూ కుక్కకూ మధ్య ఉంచి నడవండి. పరుగు ఆగగానే చాలా కుక్కలు ఆగిపోతాయి. బడికి వెళ్లే ఆడపిల్లల చున్నీ వెనక చక్రంలో చుట్టుకోకుండా నడుముకు కట్టుకోమని, ముగ్గురు పక్కపక్కన తొక్కవద్దని రోజూ చెప్పాల్సిందే.

తొలకరి వాన పడ్డప్పుడు రోడ్డు మీద పేరుకున్న నూనె పైకి తేలి జారుతుంది. తెల్లగీతలు, ఇనుప మూతలు, రైలు పట్టాలు తడిస్తే అసలు పట్టు ఇవ్వవు. పట్టాలను అడ్డంగా, సరిగ్గా లంబకోణంలో దాటండి. నీళ్లు నిలిచిన చోట ముందు వెళ్లిన బండి చక్రాలు ఏ దారిన వెళ్లాయో ఆ దారినే వెళ్లండి. రిమ్ము బ్రేకులు తడిస్తే పట్టుకోవడానికి ఆలస్యమవుతుంది, ముందుగానే మెల్లగా నొక్కుతూ ఉండాలి.

ప్రమాదం జరిగితే

ముందు రోడ్డు మీంచి పక్కకు రండి. లేవలేకపోతే లేపవద్దని, మెడ కదలనివ్వవద్దని చుట్టూ ఉన్నవారికి చెప్పండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయించండి. వాహనం నంబరు, వాహనం ఆగిన చోటు, సైకిల్ పడిన తీరు ఫొటో తీయించండి. సహాయం చేసేవారు పోలీసులకు భయపడి వెనక్కి తగ్గుతారు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం మంచి మనసుతో సాయపడిన మనిషి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఈ మాట నలుగురికీ తెలిస్తే ప్రాణాలు నిలుస్తాయి.

ఎంత చిన్న దెబ్బ అయినా అక్కడికక్కడే కొంత డబ్బు తీసుకుని రాజీ పడవద్దు. తలకు తగిలిన దెబ్బ లక్షణాలు గంటల తర్వాత బయటపడవచ్చు. వాంతి, మగత, తీవ్రమైన తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రతి మోటారు వాహనానికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కనుక సైకిలిస్టు ఆ వాహనపు ఇన్సూరెన్స్ నుంచి పరిహారం కోరవచ్చు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తును ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. గుద్దిన వాహనం ఆచూకీ తెలియకపోయినా 2022 నుంచి అమల్లో ఉన్న పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇస్తారు. 2025లో వచ్చిన నగదు రహిత వైద్య పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. వీటన్నిటికీ పోలీసు స్టేషన్‌లో నమోదైన వివరాలే ఆధారం, అందుకే ఫిర్యాదు ఇవ్వకుండా ఇంటికి వెళ్లవద్దు.

నేలకు తగిలిన హెల్మెట్‌ను, పైకి పగులు కనబడకపోయినా, మళ్లీ వాడకూడదు. లోపలి థర్మకోల్ వంటి నురుగు ఒక్కసారి నలగడానికే తయారైంది. కొత్తది కొనేటప్పుడు సైకిల్ హెల్మెట్ల ప్రమాణమైన ఈఎన్ 1078 ముద్ర చూసి, కనుబొమల పైన రెండు వేళ్ల ఎడం మాత్రమే ఉండేలా పెట్టుకుని, గడ్డం కింది పట్టీ ఒక వేలు దూరేంత బిగించుకోండి. సైకిల్ ఫోర్కు వంగిందేమో, చక్రం బ్రేకుకు తగులుతోందేమో, హ్యాండిల్ తిరిగిపోయిందేమో మెకానిక్‌కు చూపించి, ఖాళీ వీధిలో ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా నొక్కి చూసుకున్నాకే మళ్లీ రోడ్డెక్కండి.